గోడకు తగిలిస్తే బొమ్మలాట కాదు

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం నేల వేలంలో 100 కోట్ల 75 లక్షల రూపాయల దాకా పలికింది. చదరపు అడుగుకు వెల కట్టే ఈ చోట ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉండేది ఒక్కటే, అట్టపెట్టె. పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం చెప్పులు, రాత్రి మందులు... ఏం తెప్పించుకున్నా వెంట ఒక పెట్టె గుమ్మం దాకా వస్తుంది. టవర్ల కింద సెల్లార్లలో అవి గుట్టలుగా పేరుకుంటాయి. వాటికి తోడు జత తప్పిన సాక్సులు, ఇంకైపోయిన పెన్నులు, చొక్కాల నుంచి ఊడిన గుండీలు, విరిగిన హ్యాంగర్లు, పుట్టినరోజు పండగల్లో మిగిలిపోయిన రంగు కాగితాలు. దారాలతో ఆడే బొమ్మను ఇంట్లో తయారు చేసుకోవడానికి ఇంతకు మించిన సరంజామా అక్కర్లేదు.

అయినా కిట్లు కొంటున్నారు. ముందే కోసిన చెక్కముక్కలు, ముందే ముడివేసిన దారాలు, ముందే గీసిన ముఖం. పిల్లలకు మిగిలేది రంగు పూయడం. శని, ఆదివారాల వర్క్‌షాపులదీ ఇదే వరస. కూర్చుంటారు, అతికిస్తారు, ఫొటో దిగుతారు. సోమవారానికి ఆ బొమ్మ పిల్లల గదిలో గోడకెక్కుతుంది. ఆ తర్వాత దాని దారం పట్టుకునేవాళ్లుండరు.

బొమ్మ తయారైతే బొమ్మలాట వచ్చేసినట్టే అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. తయారు చేయడం ఒక పని, ఆడించడం రెండో పని, దాని నోట మాట పలికించడం మూడోది. మొదటిది సెలవుల్లో తీరిగ్గా కూర్చుంటే అయిపోతుంది. మిగిలిన రెండూ నెలల తరబడి సాగుతాయి. మన ఐటీ కారిడార్‌లో మొదటిదానికే డబ్బు కడుతున్నారు, మొదటిదానికే బడిలో మార్కులు వేస్తున్నారు.

ఆట పోయి బొమ్మ మిగలడం కొత్త సంగతేమీ కాదు. తెలుగునాట దీనికి పెద్ద ఉదాహరణ నిమ్మలకుంట.

శ్రీసత్యసాయి జిల్లా, అంటే పాత అనంతపురం జిల్లా, ధర్మవరం మండలంలోని ఈ పల్లె తోలుబొమ్మలకు పేరు. మేకతోలును వెలుగు పారేంత పలచగా చేసి, దాని మీద బొమ్మ గీసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. దేశంలో తోలుబొమ్మలాడే రాష్ట్రాలు చాలానే ఉన్నా ఆంధ్ర బొమ్మల ఎత్తు వేరు. కొన్ని మనిషంత ఉంటాయి. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు అన్నీ విడివిడిగా కదులుతాయి. తెర వెనక ఇంటిల్లిపాదీ ఉంటారు. ఒకరు ఆడిస్తుంటే ఇంకొకరు రాగం తీస్తారు. హార్మోనియం ఒకరిది, మద్దెల ఒకరిది. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింద చెక్కపలకలు దడదడలాడాలి. రాముడూ రావణుడూ అలసిపోయినప్పుడు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపాత్రలు తెర మీదికి దూకి ఊళ్లో పెద్దమనుషుల గుట్టు కూడా విప్పేస్తారు. ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక పలికేది తెలుగు. ఒక బొమ్మలాట కోసం ఒక భాషనే సొంతం చేసుకుని తరతరాలుగా నిలబెట్టిన వాళ్లు వీళ్లు.

నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. మరి ఆట? శిల్పారామం లాంటి చోట్ల నగరవాసులు ఆ చేతుల నుంచి కొనేది ఎక్కువగా లాంప్‌షేడ్లూ గోడ బొమ్మలూ. తోలు అదే, రంగు అదే, చిల్లులూ అవే. వెనక దీపం కూడా ఉంది. లేనివి కథ, పాట, కేతిగాడి వెటకారం. ఇందులో కళాకారుల తప్పేమీ లేదు. రాత్రంతా ఆడితే వచ్చే సంభావన కన్నా లాంప్‌షేడ్ అమ్మితే వచ్చే డబ్బుతో ఇల్లు గడుస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. తప్పు కొన్నవాళ్లది. డ్రాయింగ్ రూముకు నప్పింది పట్టుకెళ్లి, నప్పనిదాన్ని అక్కడే వదిలేశారు.

తెలంగాణ వైపు కొయ్యబొమ్మలాట ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని అమ్మాపురం కళాకారులు దీనికి పేరు పడ్డారు. ఇక్కడ నీడలు కాదు, బొమ్మలే జనం ముందుకొస్తాయి. పైనుంచి దారాలతో ఆడిస్తారు. చేర్యాల నకాషీలు తెల్లపొణికి కొయ్య చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపిన ముద్దతో ముక్కూ చెవులూ దిద్ది చేసే బొమ్మల్లోనూ కొన్ని కథ కోసం పుట్టినవే. మందహెచ్చులు కాటమరాజు కథ చెప్పేటప్పుడు వాటిని ముందు పెట్టుకునేవారు. ఇప్పుడు చేర్యాల మాస్కులు ఐటీ కంపెనీల రిసెప్షన్లలో గోడలకు కనిపిస్తుంటాయి. కథ చెప్పే గొంతు మాత్రం ఆ గోడల దాకా రాలేదు.

కోకాపేట పిల్లల అట్టబొమ్మకూ ఇదే గతి పట్టకూడదంటే, దాన్ని మొదటి నుంచీ ఆడించడానికే తయారు చేయాలి. అలా చేసినప్పుడు తయారీ పద్ధతే మారిపోతుంది. అందంగా ఉండాల్సిన బొమ్మ వేరు, కదలాల్సిన బొమ్మ వేరు.

మొదట తలకాయ. పాత దినపత్రికను బత్తాయి అంత ఉండగా నలిపి, మైదా లైలో ముంచిన కాగితపు పట్టీలను మూడు నాలుగు వరసలు చుట్టాలి. ఫెవికాల్ అయినా సరే, కానీ లై చవక, చేతికి అంటుకున్నా భయం లేదు. చుట్టేటప్పుడే చెవుల దగ్గర రెండు జెమ్ క్లిప్పులు లోపలికి దోపి, కొసలు ఉంగరాల్లా బయటికి ఉంచాలి. బొమ్మ బరువంతా మోసేవి ఆ రెండే. ఎండలో ఆరితే తల గట్టి పడుతుంది. వానాకాలంలో ఓపిక పట్టాలి, తడి ఉండగానే రంగు వేస్తే బూజు పట్టడం ఖాయం. ముఖం మీద కళ్లూ ముక్కూ కాస్త పెద్దవిగానే ఉండాలి. పది అడుగుల అవతల కూర్చున్న మనిషికి కనిపించని కన్ను బొమ్మకు ఉన్నా లేనట్టే.

మొండేన్ని ఒకే ముక్కగా చేయడం అందరూ చేసే పొరపాటు. ఛాతీ వేరు, నడుము వేరు. రెంటినీ గుడ్డ పట్టీతో కలపాలి. అప్పుడే బొమ్మ వంగి దండం పెడుతుంది. చేతులకు, కాళ్లకు అట్టను గట్టిగా చుట్టిన గొట్టాలు సరిపోతాయి, పెన్ను గొట్టాలైనా ఫరవాలేదు. మోకాలి దగ్గర గుడ్డ పట్టీని వెనక వైపు అతికిస్తే కాలు వెనక్కే మడుస్తుంది, ముందుకు మడవదు. మోచేతికి దీనికి సరిగ్గా తిరగేసి, ముందు వైపు అతికించాలి. ఈ చిన్న తేడా తెలియక చేసిన బొమ్మలు కొంగల్లా మోకాళ్లు తిప్పుకుంటూ నడుస్తాయి. నవ్వించడానికైతే అదీ పనికొస్తుందనుకోండి.

ఇక అసలు విషయం బరువు. అట్టబొమ్మ తేలిక. తేలిక బొమ్మ దారం మాట వినదు. ఎందుకంటే దారం లాగగలదు, నెట్టలేదు. చెయ్యి పైకి లేవడం దారం పని, కిందికి దిగడం బరువు పని. అందుకే పాదాల్లో, అరచేతుల్లో ఏదో ఒకటి పెట్టాలి. టూల్‌బాక్సులో మూల పడి ఉన్న నట్లు, వాషర్లు, లేకపోతే గులకరాళ్లు. జర్మన్ రచయిత హైన్రిష్ ఫాన్ క్లైస్ట్ 1810లోనే దారాల బొమ్మల మీద రాసిన ఒక వ్యాసంలో ఈ గుట్టు పట్టుకున్నాడు. ప్రతి అవయవాన్నీ వేళ్లతో విడివిడిగా కదిలించనక్కర్లేదని, బొమ్మ గరిమనాభి ఎక్కడుందో చూసుకుని దాన్ని కదిలిస్తే కాళ్లూ చేతులూ లోలకాల్లా వాటంతట అవే వెంట వస్తాయని దాని సారం. హైస్కూలు పిల్లలు ఫిజిక్స్ పుస్తకంలో బట్టీ పట్టే మాట, మధ్యాహ్నం పూట వాళ్ల చేతిలోనే రుజువవుతుంది.

దారానికి పూలు కట్టే నూలు దారం శ్రేష్ఠం. ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది, మెలి తిరగదు, ముడి జారదు. మిషన్ దారం చిక్కు పడుతుంది. సంక్రాంతికి మిగిలిన మాంజా జోలికి మాత్రం పోకూడదు. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది, పిల్లల వేళ్లు తెగడానికి క్షణం పట్టదు. పైన పట్టుకునే అడ్డకర్రకు రెండు చెక్క స్కేళ్లను కూడిక గుర్తులా పెట్టి రబ్బరు బ్యాండు చుడితే చాలు. ముందుగా తలకు రెండు దారాలు కట్టాలి. బొమ్మను నేల మీద నిలబెట్టి, అడ్డకర్రను ఆడించే పిల్లల మోచేతి ఎత్తులో పట్టుకుని పొడవు కొలుచుకోవాలి. తర్వాత నడుము వెనక ఒకటి. ఆ తర్వాత చేతులకు రెండు. మోకాళ్ల రెండూ చిట్టచివర. మొత్తం ఏడు. కర్ణాటకలోని గొంబెయాట బొమ్మలకూ అయిదు నుంచి ఏడు దారాలే ఉంటాయి.

ఏడు దారాలు ఆరేళ్ల పిల్లలకు ఎక్కువే. వాళ్లకు రాజస్థాన్ భాట్‌ల కఠ్‌పుత్లీ పద్ధతి మేలు. ఆ బొమ్మలకు కాళ్లే ఉండవు. పొడవాటి పావడా కింద కాళ్లున్నాయో లేవో ఎవరూ అడగరు. రెండు నుంచి అయిదు దారాలతో, అడ్డకర్ర కూడా లేకుండా వేళ్లకే చుట్టుకుని గిర్రున తిప్పేస్తారు. ఒడిశా కుంధేయి బొమ్మలూ అంతే, కాళ్లు లేవు, జీరాడే లంగాలు. తమిళనాడు బొమ్మలాట్టం మాత్రం దీనికి పూర్తిగా వేరే దారి. అక్కడ బొమ్మ నాలుగున్నర అడుగులు, పది కిలోల దాకా ఉంటుంది. దారాలను ఆడించేవాడు నెత్తిన పెట్టుకున్న ఇనుప చుట్టుకు కట్టుకుంటాడు. తల ఊపితే బొమ్మ ఊగుతుంది. ఒకే ఆట, ఒక్కో నేల మీద ఒక్కో ఉపాయం. అమ్మ పాత చీర ముక్క చుట్టిన కాళ్లులేని బొమ్మతో మొదలుపెట్టడం ఏ రకంగానూ నామోషీ కాదు. దారాలు, గుండీలు మూడేళ్ల లోపు పిల్లల చేతికి అందకుండా చూసుకుంటే చాలు.

కిట్టు అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఇంట్లో చేసిన బొమ్మ మొదటిసారి సరిగ్గా ఆడదు. ఒక కాలు పొట్టిదవుతుంది, తల ఒక పక్కకు వాలిపోతుంది, చెయ్యి ఎత్తబోతే నడుం లేస్తుంది. పిల్లలు దారం విప్పి మళ్లీ కట్టాలి. ఎక్కడ ఎంత లాగితే ఏమవుతుందో అప్పుడే వేళ్లకు తెలుస్తుంది. అన్నీ అమర్చి పెట్టిన కిట్టు ఈ తంటా తప్పిస్తుంది, దాంతోపాటు నేర్చుకునే అవకాశాన్నీ తప్పిస్తుంది. పిల్లలు ఏడుపు మొహం పెట్టగానే నాన్న వచ్చి దారాలు సరిచేసి ఇవ్వడం కూడా ఈ కిట్టు లాంటిదే.

ఆడించడంలో తొలిపాఠం కదపడం కాదు, నిలబెట్టడం. పాదాలు నేలకు ఆని ఉండాలి, మోకాళ్లు కుంగకూడదు, బొమ్మ గాల్లో తేలకూడదు. ఇది వచ్చాక దండం. నడుము దారాన్ని అలాగే పట్టి ఉంచి అడ్డకర్రను ముందుకు వంచితే తల కిందికి వెళ్తుంది. తర్వాత అటూ ఇటూ చూడటం. నడక ఆఖరి పాఠం. కోకాపేట ఇళ్లలో కొదవలేనివి నిలువుటద్దాలు, వాటి ముందు నిలబడి సాధన చేస్తే ఎవరి బొమ్మ తప్పు వాళ్లకే కనిపిస్తుంది. ఆట అయ్యాక దారాలను అడ్డకర్రకు చుట్టి గుడ్డ సంచిలో పెట్టాలి. ఈ క్రమశిక్షణ లేని ఇంట్లో మర్నాడు బొమ్మలాట ఉండదు, చిక్కులు విప్పుకోవడమే ఉంటుంది.

ఇంటి చెత్తతో చేసిన బొమ్మలంటే చిన్నచూపు చూసేవాళ్లు ఇద్దరి కథ వినాలి. చిత్రకారుడు పాల్ క్లే తన కొడుకు ఫెలిక్స్ కోసం 1916 నుంచి 1925 దాకా యాభై దాకా చేతిబొమ్మలు చేశాడు. అగ్గిపెట్టెలు, పాత గుడ్డపీలికలు, ఎముక ముక్కలు, కరెంటు సాకెట్టు, ఏది దొరికితే అది. ఫెలిక్స్ వాటితో ఇంట్లో ప్రదర్శనలిచ్చేవాడు, తండ్రి పాఠాలు చెప్పే బౌహౌస్‌లోని గురువులను ఆటపట్టించేవాడు. పెద్దయ్యాక నాటకరంగ దర్శకుడయ్యాడు. ఆ బొమ్మల్లో మిగిలిన ముప్ఫై స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో, క్లే పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. రెండో ఆయన అమెరికా బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్. 1955లో ఆయన వాళ్లమ్మ పారేసిన పాత కోటు కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి కళ్లు పెట్టి ఒక బొమ్మ చేశాడు. అదే తర్వాత కర్మిట్ కప్పగా లోకమంతా తిరిగింది. ఈ రెండూ దారాల బొమ్మలు కావు, చేతికి తొడుక్కునేవి. అయినా ఇక్కడ చూడాల్సింది సామాను ధర ఎంతో కాదు. అగ్గిపెట్టె బొమ్మకు క్లే ఇంట్లో ఆటా, మాటా దొరికాయి. కోటు గుడ్డకు హెన్సన్ గొంతిచ్చాడు.

గొంతు దగ్గరికి వచ్చేసరికి కోకాపేటలో ఇంకో సమస్య. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, నోట రాదు. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవరాలు ఇంగ్లీషులో జవాబిస్తుంది. తప్పు పలికితే నవ్వుతారన్న బిడియం వాళ్లది. బొమ్మ చేతిలో ఉన్నప్పుడు ఆ బిడియం సగానికి సగం తగ్గుతుంది, ఎందుకంటే తప్పు మాట్లాడింది బొమ్మే. జుట్టుపోలిగాడు వ్యాకరణం తప్పితే జనం ఇంకా నవ్వుతారు, అది వాడి హక్కు. తెలుగు నేర్పడానికి ట్యూషన్ పెట్టే తల్లిదండ్రులు ఒక్కసారి దీన్ని ప్రయత్నించి చూడవచ్చు.

కథ కోసం రామాయణమంతా నెత్తికెత్తుకోనక్కర్లేదు. మూడు నిమిషాల ఆటకు రెండు బొమ్మలు, ఒక తగువు చాలు. కేతిగాడూ బంగారక్కా వందల ఏళ్లు బతికింది తగువు మీదే. కోకాపేటలో తగువులకు కరువా? నలభయ్యో అంతస్తులో లిఫ్ట్ కోసం నిలబడ్డ తాతయ్య, ఆర్డర్ ఆలస్యమైందని రుసరుసలాడే అపార్ట్‌మెంట్ అంకుల్‌కు సర్దిచెప్పే డెలివరీ కుర్రాడు, ట్యాంకరు రాలేదని వాట్సాప్ గ్రూపులో యుద్ధం చేసే ఇద్దరు పొరుగువాళ్లు, ఔటర్ సర్వీస్ రోడ్డు మీద గంట నుంచి కదలని కారులో బంగారక్క. ఈ పాత్రలను పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. వేసవికి అనంతపురం నుంచో తొర్రూరు నుంచో దిగే అమ్మమ్మలు, తాతయ్యలకు సామెతలు, తిట్లు, యాసలు సరఫరా చేసే బాధ్యత అప్పగించాలి. పగలంతా పద్దెనిమిదో అంతస్తు బాల్కనీలో పేపరు చదువుకుంటూ కూర్చునే పెద్దవాళ్లకు ఇంతకన్నా గౌరవమైన ఉద్యోగం ఈ కాలనీల్లో దొరకదు.

ఇక బడుల సంగతి. పప్పెట్ ప్రాజెక్టు అనగానే తల్లి రాత్రి పదకొండింటిదాకా జిగురు పూస్తూ కూర్చోవడం అందరూ ఎరిగిన ముచ్చటే. స్టేషనరీ దుకాణాల్లో రెడీమేడ్ ప్రాజెక్టులూ దొరుకుతాయి. నున్నగా, మెరుస్తూ ఉన్నదానికి ఎక్కువ మార్కులు వేస్తే జరిగేది ఇదే. టీచర్లు బొమ్మ అందానికి మార్కులు తీసేసి, తరగతి ముందు మూడు నిమిషాల ఆటకు వేస్తే రెడీమేడ్ బేరం దానంతట అదే పడిపోతుంది. అమ్మ చేసిన బొమ్మను అమ్మ వచ్చి ఆడించలేదు కదా.

ఇందుకు చట్టమూ అడ్డు రాదు, సిలబసూ అడ్డు రాదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంది. ఆ రోజుల్లో పిల్లలు వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలన్నది ఉద్దేశం. బొమ్మలాట ద్వారా పాఠం చెప్పడంలో ఉపాధ్యాయులకు తర్ఫీదునిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ 1979 నుంచి పనిచేస్తోంది. కమలాదేవి చటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్ ఆలోచనల నుంచి పుట్టిన సంస్థ అది. దాని ప్రాంతీయ కేంద్రం ఎక్కడో కాదు, మాదాపూర్‌లో ఉంది. నగరంలోనే స్ఫూర్తి థియేటర్ ద్వారా పద్మిని రంగరాజన్ బొమ్మలాటను పిల్లల మధ్యకు తీసుకెళ్తున్నారు. లక్షల్లో ఫీజు తీసుకునే బడులు రోబోటిక్స్ ల్యాబు పెట్టగలిగినప్పుడు, ఒక అడ్డకర్ర, నాలుగు నట్లు, ఒక తెర పెట్టలేమంటే నమ్మడం కష్టం.

తీరికెక్కడిదని తల్లిదండ్రులు అడుగుతారు. ఇద్దరూ ఉద్యోగాలు, అమెరికా వేళల్లో కాల్స్, పిల్లలకు ఈత, అబాకస్, కోడింగ్. నిజమే. అయితే దారాల బొమ్మకు తల్లిదండ్రుల తీరిక అంతగా అవసరం లేదు. కావలసింది పిల్లల తీరిక, కాస్తంత చెత్త చేసుకునే స్వేచ్ఛ. డైనింగ్ టేబుల్ మీద లై మరకలు పడటానికి ఇష్టపడని ఇంట్లో ఏ కళా నిలవదు. ఇంకొందరికి వేరే అభ్యంతరం ఉంటుంది. తరతరాల విద్యను అట్టముక్కలతో అనుకరించడం ఆ కళాకారులను చులకన చేయడమేనని. కాదు. చులకన జరుగుతున్నది వాళ్ల బొమ్మను కొని, వాళ్ల ఆటను వద్దన్నప్పుడు. ఒక వేసవంతా అట్టబొమ్మతో కుస్తీ పట్టిన పిల్లలు కొయ్యబొమ్మలాట చూడటానికి కూర్చుంటే, పైన ఉన్న వేళ్లు ఎక్కడ ఎంత లాగుతున్నాయో వెతుక్కుంటారు. ఏమీ ఎరగని ప్రేక్షకుడు ఇచ్చే చప్పట్లకూ, ఈ పిల్లలు ఇచ్చే చప్పట్లకూ తేడా ఉంటుంది. కళాకారులకు అది బాగా తెలుస్తుంది.

కాబట్టి పిల్లలకు నేర్పడం ఒక్కటే సరిపోదు, ఆడేవాళ్లను పిలవాలి. గేటెడ్ కమ్యూనిటీల్లో సంక్రాంతికి గంగిరెద్దును, హరిదాసును రప్పించి అరగంట తిప్పి, ఫొటోలు తీసుకుని, చేతిలో అయిదొందలు పెట్టి పంపే అలవాటు ఒకటి మొదలైంది. బొమ్మలాటకు అలాంటి పిలుపు వద్దు. డీజేకు, ఈవెంట్ మేనేజర్‌కు ఇచ్చినట్టే వాళ్లకూ ముందుగా మాట్లాడుకున్న పారితోషికం, ప్రయాణపు ఖర్చులు, ఉండటానికి చోటు ఇవ్వాలి. నిమ్మలకుంట నుంచి తెర, దీపాలు, బొమ్మల పెట్టె, మనుషులు రావడానికి అయ్యే ఖర్చు ఒక్క టవర్ పెట్టుకునే న్యూఇయర్ పార్టీ ముందు లెక్కలోకి రాదు.

మార్చి 21 ప్రపంచ బొమ్మలాట దినోత్సవం. 1929లో ప్రాగ్‌లో పుట్టిన బొమ్మలాటగాళ్ల అంతర్జాతీయ సంఘం యునీమా దీన్ని జరుపుతుంది. కోకాపేట, నార్సింగి, గండిపేట అపార్ట్‌మెంట్ సంఘాలు వచ్చే మార్చిలో ఆ సాయంత్రాన్ని క్లబ్‌హౌస్ క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోవాలి. మొదటి ఆట అమ్మాపురం వాళ్లదో, నిమ్మలకుంట వాళ్లదో కావాలి, డబ్బు ముందే చేతికిచ్చి. ఆ తర్వాత పిల్లలది. నిబంధనలు మూడు చాలు. కిట్టు బొమ్మకు ప్రవేశం లేదు. ప్రతి బొమ్మా మూడు నిమిషాలు ఆడాలి. ఆడినంతసేపూ తెలుగులోనే మాట్లాడాలి, తప్పులకు మార్కులు కోయరు.